పని మీద విసుగా, పని చేయించే తీరు మీద బాధా?

ఈ శీర్షికకు ఇటీవల వచ్చిన ఉత్తరాల్లో చాలావరకు ఉద్యోగంలో సంతృప్తి గురించినవే. జీతం సమయానికి వస్తున్నా మనసు కుదురుగా ఉండటం లేదని కొందరు, సిబ్బందికి ఎంత చేసినా వారిలో ఆసక్తి కనిపించడం లేదని మరికొందరు రాశారు. వాటిలో కొన్నింటికి ఈ సంచికలో సమాధానాలు ఇస్తున్నాం. రాసినవారి కోరిక మేరకు వారి పేర్లు గానీ, సంస్థల పేర్లు గానీ ప్రచురించడం లేదు.

ప్రశ్న: నేను ఒక బ్యాంకులో ఆఫీసర్‌గా పనిచేస్తున్నాను. ఖాతాదారులతో మాట్లాడటం, రుణ దరఖాస్తులు పరిశీలించడం నాకు ఇష్టమైన పనులు. జీతం విషయంలో గానీ, తోటి సిబ్బంది విషయంలో గానీ ఏ ఫిర్యాదూ లేదు. కానీ ప్రతి మూడు నెలల చివరా బీమా పాలసీల టార్గెట్ గుర్తుకొస్తే నిద్ర పట్టదు. ఫిక్స్‌డ్ డిపాజిట్ రెన్యువల్ కోసం వచ్చిన పెద్దవాళ్లకు, ఏళ్ల తరబడి ప్రీమియం కట్టవలసిన పాలసీని డిపాజిట్ లాంటిదేనని చెప్పి ఇవ్వాలంటున్నారు. నేను వెనకాడితే నా ఆటిట్యూడ్ సరిగా లేదని మేనేజర్ గారు అందరి ముందూ అంటున్నారు. నేను ఈ ఉద్యోగానికి పనికిరానా?
– ఒక పాఠకురాలు, అనంతపురం జిల్లా

సమాధానం: మీరు ఈ ఉద్యోగానికి బాగా పనికొస్తారు. మీ ఉత్తరంలో ఉద్యోగం మీద అయిష్టం ఎక్కడా కనిపించలేదు. బాధంతా ఒకే ఒక్క పని దగ్గర ఉంది, ఆ పనిలోనూ ఒకే ఒక్క మాట దగ్గర ఉంది. పాలసీ అమ్మడం మీకు కష్టంగా లేదు. పాలసీని డిపాజిట్ అని చెప్పడం కష్టంగా ఉంది. ఈ తేడాను మీరు ముందు మీకు మీరు స్పష్టం చేసుకుంటే, తర్వాత మేనేజర్ గారికి చెప్పడం తేలికవుతుంది.

జీతం పట్ల, పై అధికారి పట్ల, పనివేళల పట్ల మనకు ఉండే వైఖరులు వేర్వేరుగా ఉంటాయి, పరిస్థితిని బట్టి మారుతుంటాయి. కొత్త మేనేజర్ వస్తే ఒకటి మారుతుంది, బదిలీ అయితే మరొకటి మారుతుంది. విలువలు అంత తొందరగా మారవు. మనల్ని నమ్మి వచ్చిన మనిషికి ఉన్నది ఉన్నట్టు చెప్పాలన్నది మీరు ఏ బ్రాంచికి వెళ్లినా మీతో వచ్చేదే. అలాంటి విలువకూ, రోజూ చేయవలసిన పనికీ పొంతన కుదరనప్పుడు మనిషిలో పుట్టే కలతను అమెరికన్ మనస్తత్వ శాస్త్రవేత్త లియోన్ ఫెస్టింగర్ 1957లో ఒక సిద్ధాంతంగా వివరించాడు. ఆ కలతను మనసు ఎక్కువ కాలం భరించలేదు కాబట్టి, మనిషి తన పనినైనా మార్చుకుంటాడు, నమ్మకాన్నైనా మార్చుకుంటాడు, లేదా ఇదంతా అంత పెద్ద విషయం కాదని సర్దిచెప్పుకుంటాడు.

రెండేళ్ల తర్వాత ఫెస్టింగర్, కార్ల్‌స్మిత్ కలిసి చేసిన ప్రయోగం మీ పరిస్థితికి చాలా దగ్గరగా ఉంటుంది. కొందరు విద్యార్థుల చేత విసుగు పుట్టించే పనిని గంటసేపు చేయించి, బయట ఎదురుచూస్తున్న తర్వాతి మనిషితో ఆ పని చాలా సరదాగా ఉందని చెప్పమన్నారు. అలా చెప్పినందుకు కొందరికి 1 డాలరు, కొందరికి 20 డాలర్లు ఇచ్చారు. తర్వాత విడిగా అడిగితే, 20 డాలర్లు తీసుకున్నవారు ఆ పని విసుగ్గానే ఉందన్నారు. 1 డాలరు తీసుకున్నవారు మాత్రం అది నిజంగానే బాగుందని చెప్పారు. పెద్ద మొత్తం తీసుకున్నవారికి, డబ్బు కోసం అబద్ధం చెప్పామని తమకు తాము చెప్పుకునే వీలుంది. చిన్న మొత్తానికే చెప్పినవారికి ఆ వీలు లేకపోవడంతో, చెప్పిన అబద్ధాన్నే నమ్మవలసి వచ్చింది.

బ్యాంకు కౌంటర్ దగ్గర జరిగేది కూడా ఇటువంటిదే. ఒక పాలసీ వల్ల మీకు పెద్దగా ఒరిగేది ఏమీ ఉండదు. సాయంత్రం వీడియో కాల్‌లో మీ బ్రాంచి పేరు ఎర్ర రంగులో కనిపించకుండా ఉంటుంది, అంతే. అంత చిన్న కారణానికి మాట మార్చినవారు కొంతకాలానికి అందులో తప్పేమీ లేదని మనస్ఫూర్తిగా నమ్మడం మొదలుపెడతారు. మీ తోటివారిలో కొందరు హాయిగా నిద్రపోతుండటానికి ఇదొక కారణం కావచ్చు. అందుచేత మీకు నిద్ర పట్టకపోవడాన్ని నేను లోపంగా చూడను. ఆ కలత ఎప్పుడు దానంతట అదే మాయమవుతుందో అప్పుడు మాత్రం జాగ్రత్తపడాలి.

ఇక ఆచరణకు వస్తే, మీరు ఒంటరిగా మీ మనస్సాక్షిని అడ్డుపెట్టి వాదించనవసరం లేదు. భారతీయ రిజర్వు బ్యాంకు 2014లో విడుదల చేసిన ఖాతాదారుల హక్కుల పత్రంలో అయిదు హక్కులు ఉన్నాయి. వాటిలో ఒకటి, ఖాతాదారు అవసరానికి, ఆర్థిక పరిస్థితికి తగిన పథకాన్నే ఇవ్వాలన్న హక్కు. డెబ్బయి ఏళ్ల పింఛనుదారుకు దీర్ఘకాలిక ప్రీమియం పాలసీ తగినదేనని ఎవరైనా మీతో అంటే, ఆ సంగతిని ఈమెయిల్‌లో రాసి పంపమని మర్యాదగా అడగండి. నోటిమాటగా వచ్చే ఒత్తిడి చాలాసార్లు కాగితం మీదికి రావడానికి వెనకాడుతుంది. ఇప్పటికే పాలసీ తీసుకున్నవారికి, పత్రం అందిన 30 రోజుల్లోపు దాన్ని వెనక్కి ఇచ్చే వెసులుబాటు ఉందన్న విషయం మీరే చెప్పండి. మరోవైపు, కొత్తగా ఇంటిరుణం తీసుకున్న యువ దంపతులకు టర్మ్ బీమా అవసరం నిజంగానే ఉంటుంది. వారితో మాట్లాడటానికి మీరు ముందుకు వస్తే, మీరు పని తప్పించుకుంటున్నారన్న మాటకు ఆధారం ఉండదు.

రాజీనామా గురించి కూడా ఉత్తరం చివర ప్రస్తావించారు. సిబ్బందికి తక్కువ వడ్డీకి ఇచ్చే ఇంటిరుణం మీకు ఉందని, బయటికి వస్తే ఆ రాయితీ పోతుందని రాశారు. ఉద్యోగి సంస్థను అంటిపెట్టుకుని ఉండటానికి గల కారణాలను మేయర్, అలెన్ అనే పరిశోధకులు మూడు రకాలుగా విడదీశారు. ఒకరు ఇష్టంతో ఉంటారు, ఒకరు ఉండటం బాధ్యత అనుకుని ఉంటారు, మరొకరు వెళ్తే నష్టం కాబట్టి ఉంటారు. మీరు ఇప్పటిదాకా మొదటి రకం. ఈ ఒక్క విషయాన్ని ఎవరితోనూ తేల్చుకోకుండా మింగేస్తూ పోతే, ఇంకొన్నేళ్లకు కేవలం ఈఎంఐ కోసం ఉండే మనిషిగా మిగులుతారన్నదే నా దిగులు. అందుకే వెళ్లిపోవడం గురించి ఆలోచించే ముందు, ఒకసారి రాతపూర్వకంగా మాట్లాడి చూడండి.

ప్రశ్న: మాది ఫార్మా కంపెనీ. ప్రొడక్షన్‌లో షిఫ్ట్ ఇన్‌ఛార్జిని. యాజమాన్యం నిరుడు మంచి ఇంక్రిమెంట్లు ఇచ్చింది, క్యాంటీన్ బాగుచేసింది, ఏసీ బస్సులు వేసింది. అయినా ఆపరేటర్లలో చొరవ లేదు. చెప్పింది చేసి వెళ్లిపోతారు. అంతకన్నా పెద్ద సమస్య, ఎక్కడైనా డీవియేషన్ (నిర్ణీత పద్ధతి నుంచి తప్పడం) వస్తే చెప్పకుండా దాచేస్తున్నారు. వీళ్లకు ఇంకా ఏమి ఇవ్వాలి?
– ఒక పాఠకుడు, పరవాడ

సమాధానం: మీరు ఇచ్చినవన్నీ అవసరమైనవే. వాటిని తీసేస్తే గొడవ తప్పదు. అయితే గొడవ లేకపోవడం వేరు, పని మీద మనసు పెట్టడం వేరు. ఫ్రెడరిక్ హెర్జ్‌బర్గ్ బృందం అమెరికాలోని పిట్స్‌బర్గ్ ప్రాంతంలో సుమారు 200 మంది ఇంజనీర్లను, అకౌంటెంట్లను అడిగి 1959లో చెప్పిన సంగతి ఇదే. జీతం, వసతులు, కంపెనీ నియమాలు, పర్యవేక్షణ సరిగా లేకపోతే అసంతృప్తి వస్తుంది. అవి సరిగా ఉన్నంత మాత్రాన సంతృప్తి రాదు. సంతృప్తి వచ్చేది పని నుంచి, సాధించామన్న భావన నుంచి, గుర్తింపు నుంచి, బాధ్యత నుంచి. ఈ అధ్యయనం మీద గట్టి విమర్శలే ఉన్నాయి. మంచి జరిగితే మన గొప్ప, చెడు జరిగితే పరిసరాల తప్పు అని చెప్పుకోవడం మానవ సహజం కాబట్టి, ఆ జవాబులను పూర్తిగా నమ్మలేమని కొందరు అన్నారు. ఆ విమర్శ సబబే. అయినా మీ ప్లాంటులో ఏమి ఇచ్చారు, ఏది ఇవ్వలేదు అని చూసుకోవడానికి ఈ విభజన ఉపయోగపడుతుంది.

ఒక ఆపరేటర్ షిఫ్టును దగ్గరగా చూడండి. అతను గౌను వేసుకుని లోపలికి వెళ్తాడు, బ్యాచ్ రికార్డులో ఉన్న వరుసలో ముడి పదార్థాలు వేస్తాడు, ఉష్ణోగ్రత రాస్తాడు, సంతకం చేస్తాడు, బయటికి వస్తాడు. ఆ బ్యాచ్ తర్వాత నాణ్యతను పరీక్షించే క్యూసీ విభాగానికి, విడుదలకు ఆమోదం తెలిపే క్యూఏ విభాగానికి వెళ్తుంది. అది పాసయిందా, ఏ మందుగా మారింది, ఏ దేశానికి వెళ్లింది అన్నది అతనికి ఎవరూ చెప్పరు. బ్యాచ్ ఫెయిలైనప్పుడు మాత్రం పిలుపు వస్తుంది. హాక్‌మన్, ఓల్డ్‌హామ్ 1970లలో పనిని పరిశీలించడానికి అయిదు లక్షణాలు చెప్పారు. పనిలో వైవిధ్యం, మొదటి నుంచి చివరి దాకా కనిపించే పూర్తి పని, ఇతరుల జీవితం మీద దాని ప్రభావం, స్వేచ్ఛ, ఫలితం తెలియడం. ఫార్మాలో వైవిధ్యం, స్వేచ్ఛ పెంచడానికి నిబంధనలు పెద్దగా ఒప్పుకోవు. కానీ ఫలితం తెలియజేయడానికి ఏ నిబంధనా అడ్డం రాదు. క్యూఏ విడుదల చేసిన బ్యాచ్‌ల వివరాలను ఆ షిఫ్టు పేరుతో సహా బోర్డు మీద రాయించండి. ఆ మందు ఏ రోగికి పనికొస్తుందో ఒక్క పది నిమిషాలు చెప్పించండి.

పని అమరికను మారిస్తే ఏమవుతుందో మన దేశంలోనే చూశారు. అహ్మదాబాద్‌లోని కాలికో మిల్లులో ఆటోమేటిక్ మగ్గాలు పెట్టినా ఉత్పత్తి అనుకున్నంత రాలేదు. నేసేవారు, కండెలు నింపేవారు, తెగిన పోగులు సరిచేసేవారు ఎవరి పని వారిదన్నట్టు ఉండటంతో, ఏ మగ్గానికీ ఎవరూ పూర్తిగా బాధ్యులు కాలేదు. లండన్‌లోని టావిస్టాక్ ఇన్‌స్టిట్యూట్ నుంచి వచ్చిన ఎ.కె. రైస్, 1953లో ఒక్కో చిన్న జట్టుకు కొన్ని మగ్గాల పూర్తి బాధ్యత అప్పగించే ఆలోచన ముందుంచాడు. కార్మికులు, సూపర్‌వైజర్లు దాన్ని వెంటనే తమదిగా చేసుకుని జట్లు తామే కట్టుకున్నారు. ఉత్పత్తి పెరిగింది, పాడైన బట్ట తగ్గింది. షెడ్డు, మగ్గాలు, మనుషులు అన్నీ పాతవే.

డీవియేషన్లు దాచడం గురించి ఇంకొంచెం గట్టిగా చెప్పాలి. మీరు దీన్ని నిజాయితీ లోపంగా చూస్తున్నారు. నాకు మాత్రం ఇది మీ ప్లాంటులో నిజం చెప్పినవాడికి ఏమి జరిగిందన్న జ్ఞాపకంలా అనిపిస్తోంది. తానే వచ్చి చెప్పినవాడికి, పట్టుబడినవాడికి ఒకే రకమైన మెమో ఇస్తే, పక్కవాళ్లు ఏమి నేర్చుకుంటారు? తప్పు చెప్పకూడదని నేర్చుకుంటారు. మందుల తయారీలో ఆ పాఠం రోగి దాకా వెళ్తుంది. స్వచ్ఛందంగా చెప్పిన డీవియేషన్ మీద విచారణ జరిగినా, వ్యక్తి మీద చర్య ఉండదని యాజమాన్యం చేత రాతలో ఇప్పించండి. దాన్ని మొదటిసారి పరీక్ష ఎదురైనప్పుడే నిలబెట్టుకోండి, ఆ ఒక్క సందర్భాన్ని ఏళ్ల తరబడి అందరూ గుర్తుంచుకుంటారు.

కష్టకాలంలో చెప్పే తీరు ఎంత పనిచేస్తుందో చూపిన ఒక అధ్యయనం కూడా ఉంది. అమెరికాలో ఆర్డర్లు పోగొట్టుకున్న ఒక తయారీ సంస్థ, తన రెండు ప్లాంట్లలో పది వారాలపాటు జీతాలు 15 శాతం తగ్గించింది. ఒక చోట అధికారి చాలాసేపు కూర్చుని, లెక్కలు చూపించి, విచారం తెలిపి, ప్రశ్నలకు జవాబులిచ్చాడు. మరో చోట కొద్ది నిమిషాల్లో ముగించాడు. రెండో చోట సంస్థ వస్తువుల దొంగతనాలు బాగా పెరిగాయి, మొదటి చోట పెరుగుదల తక్కువ. జెరాల్డ్ గ్రీన్‌బర్గ్ 1990లో ప్రచురించిన ఈ అధ్యయనంలో కోత రెండు చోట్లా ఒక్కటే, గౌరవంలోనే తేడా ఉంది.

ప్రశ్న: ఎంబీఏ చదువుతున్నాను. సంతోషంగా ఉన్న ఉద్యోగి బాగా పనిచేస్తాడని పుస్తకాల్లో చదివాను. ఇది నిరూపితమైన విషయమేనా?
– ఒక విద్యార్థి, విశాఖపట్నం

సమాధానం: సంబంధం ఉంది, కానీ ఉపన్యాసాల్లో చెప్పినంత బలంగా లేదు. 1985లో ఇయాఫల్డానో, ముచిన్‌స్కీ అప్పటి అధ్యయనాలన్నీ కలిపి లెక్కిస్తే సహసంబంధం (0 అంటే సంబంధం లేనట్టు, 1 అంటే పూర్తిగా ఉన్నట్టు) 0.17 మాత్రమే తేలింది. 2001లో టిమొతీ జడ్జ్ బృందం 312 నమూనాలను, 54 వేలకు పైగా ఉద్యోగుల సమాచారాన్ని మెరుగైన పద్ధతిలో పరిశీలించి 0.30 అని చెప్పింది. పని క్లిష్టమైనదై, ఎలా చేయాలో ఉద్యోగి చేతిలో ఉన్నచోట ఈ సంబంధం మరింత గట్టిగా ఉంటుంది. యంత్రం వేగానికి నడవవలసిన చోట, మనసు బాగున్నా బాగోకపోయినా ఉత్పత్తి అంతే వస్తుంది కదా. పైగా బాగా పనిచేసి మెప్పు పొందడం వల్లనే సంతృప్తి వచ్చే అవకాశమూ ఉంది. ఏది ముందో, ఏది వెనకో ప్రతిచోటా విడదీయలేం.

ఇంకొక జాగ్రత్త. నోటితో చెప్పే వైఖరిని బట్టి ప్రవర్తనను ఊహించడం కష్టం. రిచర్డ్ లాపియర్ 1930లలో ఒక చైనీయ దంపతులతో కలిసి అమెరికా అంతటా తిరిగాడు. 251 హోటళ్లు, భోజనశాలలకు వెళ్తే ఒక్కచోట మాత్రమే వారిని కాదన్నారు. ఆరు నెలల తర్వాత వాటికే ఉత్తరాలు రాసి చైనీయులను రానిస్తారా అని అడిగితే, జవాబిచ్చినవారిలో 90 శాతానికి పైగా రానివ్వమన్నారు. మీరు రేపు ఉద్యోగుల సర్వే చేసేటప్పుడు, మీకు ఉద్యోగం ఇష్టమేనా అన్న స్థూలమైన ప్రశ్నతో ఆగకండి. వచ్చే ఆరు నెలల్లో వేరే ఉద్యోగం వెతకాలనుకుంటున్నారా, తప్పు జరిగితే పై అధికారికి చెప్పగలరా అన్నంత నిర్దిష్టంగా అడిగితేనే, జవాబుకూ నడతకూ పొంతన కుదురుతుంది.

ప్రశ్న: మావారు హైదరాబాద్‌లో సాఫ్ట్‌వేర్ ఉద్యోగి. ఏ కంపెనీలో చేరినా మొదటి ఆరు నెలలు బాగుంటుంది, తర్వాత అదే విసుగు. ఇది మనిషి స్వభావమా, ఉద్యోగాల లోపమా? నేను ఆయనకు ఏమని చెప్పాలి?
– ఒక పాఠకురాలు, నిజామాబాద్

సమాధానం: అమ్మా, రెండూ కొంత కొంత ఉంటాయి. 1985లో స్టా, రాస్ అనే పరిశోధకులు అయిదు వేల మందికి పైగా నడివయసు పురుషుల వివరాలు పరిశీలించి, యజమాని మారినా, వృత్తి మారినా ఉద్యోగం పట్ల వైఖరి చాలావరకు కొనసాగుతోందని గమనించారు. పసితనంలోనే విడిపోయి వేర్వేరు ఇళ్లలో పెరిగిన ఒకేరకం కవలల మీద 1989లో వచ్చిన అధ్యయనం, ఉద్యోగ సంతృప్తిలోని తేడాల్లో సుమారు 30 శాతం వంశపారంపర్యమని అంచనా వేసింది. ఇది చదివి మావారింతే అని తీర్మానించుకోవద్దు. మిగిలిన 70 శాతం పుట్టుకతో వచ్చినది కాదు, అది కూడా ఆ లెక్కలోనే ఉంది.

ఒకే పనిని ముగ్గురు మూడు రకాలుగా చూస్తారు. ఒకరికి అది బతుకుతెరువు, ఒకరికి పైకి ఎదిగే మెట్టు, ఒకరికి తమ జీవితానికి అర్థమిచ్చే పని. 1997లో ఏమీ రెజ్నెస్కీ బృందం ఒకే హోదాలో ఉన్న 24 మంది కాలేజీ ఆఫీసు సహాయకులను అడిగితే, వారు కూడా ఈ మూడు వర్గాల్లోకి ఇంచుమించు సమానంగా విడిపోయారు. మీవారు ఉద్యోగం నుంచి ఏమి ఆశిస్తున్నారో ముందు ఆయనకే తెలియాలి. ఏ వారంలో, ఏ పని చేస్తున్నప్పుడు టైమ్ తెలియలేదో ఒక నెలపాటు రాసుకోమనండి. కొత్త కంపెనీ కన్నా, ఉన్న కంపెనీలోనే వేరే ప్రాజెక్టు అడగడం మంచిదని ఆ కాగితమే చెప్పవచ్చు. ఉద్యోగం ఏదైనా ఆరో నెలలోనే విసుగు వస్తూ, దానికి తోడు నిద్ర, తిండి, ఇష్టమైన ఇతర పనులు కూడా దెబ్బతింటూ ఉంటే, అప్పుడు ఇది ఉద్యోగానికి సంబంధించిన ప్రశ్న కాదు, డాక్టరును కలవాలి. ఆ విషయంలో ఆలస్యం చేయవద్దని మాత్రం గట్టిగా చెప్పండి.

ప్రశ్న: ప్రభుత్వ కార్యాలయంలో సూపరింటెండెంట్‌ని. ఇంకో రెండేళ్లలో రిటైరవుతాను. మా రోజుల్లో ఫైలు పూర్తయ్యేదాకా సీటు కదిలేవాళ్లం కాదు. ఇప్పటి కుర్రాళ్లు, ముఖ్యంగా అవుట్‌సోర్సింగ్ డేటా ఎంట్రీ ఆపరేటర్లు, అయిదున్నర కాగానే సిస్టమ్ కట్టేసి వెళ్లిపోతారు. ఒక్క అక్షరం అదనంగా కొట్టరు. కొత్తతరానికి విలువలు లేవనిపిస్తోంది. మీరేమంటారు?
– ఒక పాఠకుడు, వరంగల్

సమాధానం: మీ నిబద్ధత పట్ల గౌరవంతోనే, మీ అభిప్రాయంతో విభేదిస్తున్నాను. మీరు ఫైలు పూర్తయ్యేదాకా కూర్చున్న రోజుల్లో మీకు పర్మనెంట్ ఉద్యోగం ఉంది, సీనియారిటీ ఉంది, పింఛను ఉంది. ఆ ఆఫీసు మీది అనిపించడానికి కారణాలు ఉన్నాయి. మీ పక్క సీటులో ఉన్న ఆపరేటరుకు ఏజెన్సీ మారితే కొలువు ఉంటుందో లేదో తెలియదు. జీతం ఏజెన్సీ ద్వారా వస్తుంది, ఒక్కోసారి నెలల తరబడి రాదు. మీరు చేసే పనిలో గణనీయమైన భాగం అతనూ చేస్తాడు, మీ జీతంలో చిన్న భాగం తీసుకుంటాడు.

నిర్ణీత విధుల్లో లేకపోయినా ఉద్యోగి తనంతట తాను చేసే మేలు, అంటే కొత్తగా వచ్చినవారికి పని నేర్పడం, ఒక గంట ఎక్కువ కూర్చోవడం, పక్కవారి ఫైలు అందుకోవడం వంటివి, ఏ ఆఫీసునైనా నడిపించేవి. డెనిస్ ఆర్గన్ 1980లలో వీటిని ప్రత్యేకంగా అధ్యయనం చేశాడు. న్యాయం జరగడం లేదనుకున్న ఉద్యోగి మొట్టమొదట ఆపేది ఈ అదనపు సాయాన్నే. ఎందుకంటే అప్పగించిన పని మానేస్తే ఉద్యోగం పోతుంది. అదనపు పని మానేస్తే ఎవరూ ఏమీ అనలేరు. తాను పెట్టినదానికి, తనకు దక్కినదానికి ఉన్న నిష్పత్తిని మనిషి పక్కవారితో పోల్చి చూసుకుంటాడని స్టేసీ ఆడమ్స్ 1960లలోనే చెప్పాడు. జీతం పెంచుకోవడం తన చేతిలో లేనప్పుడు, శ్రమను తగ్గించుకుని ఆ నిష్పత్తిని సరిచేసుకుంటాడు. మీ ఆపరేటరు అయిదున్నరకు లేవడంలో నాకు కనిపిస్తున్నది న్యాయం అన్న విలువ. మీకూ అదే విలువ ఉందని మీ ఉత్తరమే చెబుతోంది.

ప్రభుత్వంలోని తాత్కాలిక ఉద్యోగులు రెగ్యులర్ ఉద్యోగులతో సమానమైన పనే చేస్తుంటే, వారికి రెగ్యులర్ పే స్కేలులోని కనీస వేతనం ఇవ్వాలని సుప్రీంకోర్టు 2016 అక్టోబరులో జగ్‌జీత్ సింగ్ కేసులో చెప్పింది. ఏజెన్సీ ద్వారా వచ్చినవారి విషయంలో అది ఎంతవరకు వర్తిస్తుందన్న వివాదాలు కొనసాగుతూనే ఉన్నాయి. వేతనం మార్చడం మీ చేతిలో లేదు, నిజమే. కానీ మీ చేతిలో ఉన్నవి కొన్ని ఉన్నాయి. నోట్ ఫైలులో ఆపరేటరు తయారుచేసిన పట్టికను అతని పేరుతో పై అధికారి దృష్టికి తీసుకెళ్లగలరు. హాజరు వివరాలు ఏజెన్సీకి ప్రతి నెలా ఆలస్యం లేకుండా వెళ్లేలా చూడగలరు. జీతం ఆలస్యమవడానికి చాలా ఆఫీసుల్లో అదే కారణం. సాయంత్రం ఆగవలసి వస్తే మధ్యాహ్నమే చెప్పగలరు. చంటిబిడ్డను క్రెష్ నుంచి తెచ్చుకోవలసిన అమ్మాయికి అయిదుంబావుకు కొత్త పని ఇచ్చి, ఆమెకు నిబద్ధత లేదనడం అన్యాయం.

ప్రశ్న: మా సంస్థ ప్రతి ఏడాదీ సిబ్బంది వైఖరి మార్చడానికి రెండు రోజుల శిక్షణ ఏర్పాటు చేస్తుంది. వచ్చినవాళ్లు ఉత్సాహంగా వెళ్తారు, నెల తిరక్కుండా మామూలైపోతారు. శిక్షణతో మనిషి వైఖరి మారడం అసలు సాధ్యమేనా?
– ఒక పాఠకుడు, కాకినాడ

సమాధానం: ఈ ప్రశ్న కాకినాడ నుంచి రావడం నాకు సంతోషం కలిగించింది, ఎందుకంటే ఇటువంటి ప్రశ్న మీద ప్రపంచంలో పేరుపొందిన ఒక ప్రయోగం మీ ఊళ్లోనే జరిగింది. హార్వర్డ్ ఆచార్యుడు డేవిడ్ మెక్‌క్లెలాండ్, విజయసాధన పట్ల ఉండే తపనను పెద్దవయసులో కూడా పెంచవచ్చునా అని తెలుసుకోవడానికి 1960ల మధ్యలో కాకినాడ వ్యాపారులను ఎంచుకున్నాడు. వారిని జట్లు జట్లుగా హైదరాబాద్‌లోని చిన్న పరిశ్రమల విస్తరణ శిక్షణ సంస్థకు, అంటే ఇప్పుడు యూసుఫ్‌గూడలో ఉన్న ఎన్‌ఐ–ఎంఎస్‌ఎంఈకి, పిలిపించి సుమారు పది రోజులు శిక్షణ ఇచ్చారు. పోల్చి చూడటానికి, శిక్షణ ఇవ్వని ఊరిగా రాజమండ్రిని తీసుకున్నారు. డేవిడ్ వింటర్‌తో కలిసి మెక్‌క్లెలాండ్ 1969లో ప్రచురించిన ఫలితాల ప్రకారం, శిక్షణ పొందినవారు ఆ తర్వాతి కాలంలో కొత్త వ్యాపారాలు మొదలుపెట్టడంలో, పెట్టుబడులు పెట్టడంలో, ఎక్కువ మందికి పని కల్పించడంలో మిగతావారికన్నా చురుకుగా ఉన్నారు.

మీ సంస్థ దీన్నుంచి తెలుసుకోవలసింది ఒకటుంది. శిక్షణ పొందినవారిలో బాగా మారింది, తమ వ్యాపారంలో నిర్ణయాలు తామే తీసుకోగలిగిన స్థితిలో ఉన్నవారు. హైదరాబాద్‌లో ఒక ఆలోచన వస్తే, కాకినాడ చేరిన మర్నాడే దుకాణంలో దాన్ని అమలుచేసి చూసుకోవచ్చు. మీ ఉద్యోగి రెండు రోజుల శిక్షణ తర్వాత సోమవారం అదే సీటుకు, అదే సంతకాల వరుసకు, చిన్న ఖర్చుకైనా ముగ్గురి ఆమోదం కావలసిన అదే పద్ధతికి తిరిగి వెళ్తాడు. అక్కడ కొత్త వైఖరికి చోటెక్కడిది? వచ్చే ఏడాది శిక్షణకు పంపబోయే ప్రతి ఒక్కరి విషయంలో, తిరిగొచ్చాక వారు ఎవరినీ అడగకుండా మార్చగలిగే పని ఒక్కటైనా ముందే నిర్ణయించి, ఆ కాగితం మీద వారి పై అధికారి చేత సంతకం చేయించండి. అలాంటి పని ఒక్కటి కూడా దొరకకపోతే, ఆ ఏడాది శిక్షణ డబ్బును ఆపి, ముందు ఆ పై అధికారులతోనే కూర్చుని మాట్లాడండి.